ఆంధ్రతిలక గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

మన గ్రంథాలయపు పఠనమందిరమున తూర్పుగోడకు మూడు చిత్రపటములు గలవు. నడుమ అయ్యంకి వెంకటరమణయ్యగారు, కుడిప్రక్క పాతూరి నాగభూషణముగారు, ఎడమప్రక్క గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. మొదటి యిద్దరిని గూర్చి మన చందాదారులకు ఎంతో కొంత తెలియును. మూడవవారిని గ్రంథాలయసంఘాధ్యక్షులుగా మాత్రమే చాలమంది యెరుగుదురు. వారు ఆ పీఠమునకు వచ్చుటకు చాలకాలము పూర్వము, పత్రికలో ఒక వ్యాసము వెలువడినందులకు వేలూరు కారాగారమున ఖైదీగా నుండిరని చెప్పగా, ఈ మధ్య మన పాఠకులలో ఒక విద్యార్థి నమ్మలేకపోయెను. ఒక్క వ్యాసమునకు మూడేండ్లా యని అడిగెను. ఆ ప్రశ్నకు నిలువుకాళ్లమీద సమాధానము చెప్పలేకపోతిని. అందుచేత ఈ రజతోత్సవసంచికలో వారి జీవితమును కొంత వివరముగ వ్రాయబూనితిని.

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. తండ్రి వెంకటరావుగారు, తల్లి భాగీరథీబాయిగారు. కలిగిన కుటుంబము కాదు. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో చదువు సాగించి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1906లో ఎం.ఏ. పట్టమును పొందిరి. ఆ దినములలో అంతటి చదువు చదివిన తెలుగు యువకునకు దొరతనమువారి కొలువు చేతికందునంత దూరములో నుండెడిది. ఉపాధ్యాయవృత్తి యందలి మక్కువచేత వారు రాజమహేంద్రవరమునకు వచ్చి అచ్చటి శిక్షణ కళాశాలలో ప్రవేశించిరి.

1905లో కర్జను ప్రభువు వంగదేశమును రెండుగా చీల్చెను. దానిపై పుట్టిన స్వదేశోద్యమము రెండేండ్లలో గోదావరీతీరమునకు ప్రాకివచ్చెను. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి కొన్ని దినములు ఉపన్యసించిరి. ఆ యాంగ్లోపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు సభలోనే తెనిగించి వినిపించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములను రొమ్మున ధరించి తరగతులకు పోసాగిరి. కళాశాలాధ్యక్షుడగు మార్కు హంటరు దీనిని సహింపలేదు. మాట వినని విద్యార్థులు అనేకులు బహిష్కృతులైరి. వారిలో సర్వోత్తమరావుగారొకరు. వారిని కళాశాలనుండి వెడలగొట్టుటయే గాక, ప్రభుత్వోద్యోగమునకు అనర్హులని కూడ నిర్ణయించిరి.

వారి చరిత్రను వ్రాసినవారు ఈ ఘట్టమును ఒకటి రెండు వాక్యములతో దాటిపోవుట కలదు. నాకు మాత్రము, తరువాత వచ్చిన జైలుశిక్షకన్న ఇది యెక్కువ ఆలోచింపదగినదిగా తోచును. జైలుకు పంపుటకు ఒక నేరారోపణ కావలెను, విచారణ కావలెను, ఎంత క్రూరమైనను ఒక గడువు కావలెను. ఇచ్చట అవి యేవియు లేవు. రొమ్మున ఒక చిహ్నమును తగిలించుకొన్నందులకు ఇరువదిమూడేండ్ల యువకుని జీవనోపాధిని ఒక కార్యాలయపు టుత్తరువు తుడిచివేసెను. అడుగుటకు చోటు లేదు, అపీలు లేదు. అతడు వ్రాసిన మాట ఇంకను ఒక్కటియైనను లేదు!

బడిపంతులు కావలసినవాడు పత్రికాసంపాదకుడైనది ఇట్లు. 1908లో బెజవాడనుండి స్వరాజ్య అను వారపత్రికను వారు ప్రారంభించిరి. అంతకు రెండేండ్ల క్రిందట కలకత్తా కాంగ్రెసులో దాదాభాయి నౌరోజీగారి నోట వెలువడిన మాటనే పత్రికకు పేరుగా పెట్టుటలో వారి తెగువ కనబడుచున్నది. తెలుగుపత్రికలు అప్పటికే చాల గలవు. కాని ప్రభుత్వమును నేరుగా పేరుపెట్టి ప్రశ్నించునవి అరుదు. విన్నపముల ధోరణికి అలవాటుపడిన చదువరులకు ఈ పత్రిక కొత్తగా వినిపించెను.

ఆ సంవత్సరము మార్చినెలలో తమిళదేశమున తిరునల్వేలిలో ఘోరము జరిగెను. తూత్తుకుడి, కొలంబోల నడుమ స్వదేశీ ఓడలను నడిపిన చిదంబరం పిళ్లగారిని, వారి అనుచరులగు సుబ్రహ్మణ్య శివగారిని 12వ తేదీన నిర్బంధించిరి. మరునాడు ప్రజలు అంగళ్లు మూసి వీథులలోనికి వచ్చిరి. ప్రభుత్వ భవనములు కొన్ని తగులబడినవి. పోలీసులు కాల్పులు జరుపగా నలుగురు చనిపోయిరి. ఈ విషయమై ఆ జూను నెలలో స్వరాజ్య పత్రికలో విపరీతబుద్ధి అను శీర్షికతో ఒక సంపాదకీయము వెలువడెను. చేటుకాలము వచ్చినవానికి బుద్ధి వక్రించునను లోకోక్తిని తలపించు శీర్షిక అది. అందులో పరదేశపు దొరతనమును క్రూరవ్యాఘ్రముతో పోల్చిరి. ఆ భాష మెత్తనిదని ఎవరును చెప్పజాలరు, చెప్పనక్కరయు లేదు. నలుగురు తుపాకిగుండ్లకు నేలకొరిగిన పిమ్మట వ్రాసిన వ్రాత అది. ఆ వ్యాసము ఎవనినైనను కత్తి పట్టుమని చెప్పినదా, లేక కాల్చినవానిని నిందించినదా యనునదియే విచారింపవలసిన సంగతి. ఆనాటి చట్టమునకు ఆ భేదముతో పనిలేకుండెను.

ఆ చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. భారత శిక్షాస్మృతిలో 124 ఏ అను సెక్షనును 1870లో చేర్చిరి. ప్రభుత్వముపై అప్రీతిని పుట్టించుట, పుట్టింప యత్నించుట దాని ప్రకారము నేరము. అప్రీతి యన నేమి? 1897లో బొంబాయిలో బాలగంగాధర తిలకుగారి మొదటి విచారణనాడు, అప్రీతి యనగా ప్రీతి లేకుండుటయే యని న్యాయమూర్తి స్ట్రాచీ అర్థము చెప్పెను. మరుసటి సంవత్సరమే చట్టమును సవరించి దాని వలను మరింత వెడల్పు చేసిరి. దొంగతనమైనచో పోయిన సొత్తును చూపవలెను. కొట్లాటయైనచో తగిలిన దెబ్బను చూపవలెను. ఈ నేరమునకు మాత్రము చదివినవాని మనస్సులో ఏమి కలుగునో ఊహించిన చాలును. ఊహించు అధికారము అభియోగము తెచ్చినవారిదే. సర్కారును ప్రేమింపవలయునని శాసించిన చట్టము లోకమున ఇంకెక్కడనైనను గలదో లేదో గాని, మన దేశమున నూటయేబది సంవత్సరములు నిలిచినది.

సర్వోత్తమరావుగారిని నిర్బంధించి ఆ సెక్షను క్రిందనే విచారించిరి. పత్రికతో సంబంధముగల బోడి నారాయణరావుగారు కూడ శిక్షితులైరి. క్రింది న్యాయస్థానము మొదట విధించిన శిక్ష స్వల్పమైనది. అంతటితో విషయము ముగిసియుండిన ఈ కథ వేరుగా నుండెడిది. ప్రభుత్వమునకు అది చాలలేదు. వ్యవహారము మద్రాసు హైకోర్టునకు పోగా అచ్చట సర్వోత్తమరావుగారి శిక్షను మూడు సంవత్సరములకు పెంచిరి. ఆ సెక్షనులో ద్వీపాంతరవాసమును విడిచిన యెడల కారాగారవాసమునకు మూడేండ్లే గరిష్ఠపరిమితి. అనగా విధింపదగిన జైలుశిక్షను పూర్తిగా కొలిచి యిచ్చిరన్నమాట. ఆ జులై 22వ తేదీననే తిలకుగారికి కేసరిపత్రికలోని వ్యాసములకుగాను ఆరేండ్ల ప్రవాసశిక్ష పడియుండెను. ఆంధ్రదేశమున అదే నేరమునకు తొలుదొల్త చెరకు పోయినవారిలో ఒకరగుటచేత ప్రజలు సర్వోత్తమరావుగారిని ఆంధ్రతిలకుడని పిలువసాగిరి. వారి వయస్సు అప్పటికి ఇరువదియైదు.

పత్రిక ఆగిపోయెను. ఇది సహజమే గదా యనిపించును గాని, ఇందులోనే పాలకుల నేర్పు గలదు. సంపాదకుని పట్టిన వ్యాసమొకటి ఆగును, అచ్చుకూటము యజమానిని బెదరించిన వ్యాసములన్నియు ఆగును. ఈ సూత్రమును వారు త్వరలోనే శాసనముగా వ్రాసికొనిరి. 1908 జూనులో వచ్చిన చట్టముచేత హత్యలకు పురికొల్పిన దని తోచిన పత్రికయొక్క అచ్చుయంత్రమును జప్తు చేయవచ్చును. 1910లో వచ్చిన ముద్రణ చట్టముచేత కొత్తగా అచ్చుకూటము పెట్టువాడు 500 మొదలు 2,000 రూపాయలవరకు ధరావతు కట్టవలసివచ్చెను. ప్రభుత్వమునకు నచ్చనిది అచ్చుపడిన ఆ సొమ్ము పోవును. మరల తెరువవలయుననిన 1,000 మొదలు 10,000 వరకు కట్టవలెను. రెండవమారును తప్పు పట్టిన యెడల సొమ్ముతోపాటు యంత్రమును పోవును. పాతికరూపాయల జీతముతో సంసారము నడుచు కాలమున ఈ మొత్తములు ఎట్టివో చదువరులే యోచింపగలరు. ఇక ప్రభుత్వము వ్యాసములను దిద్దనక్కరలేదు. అచ్చుకూటపు యజమాని తన యాలుబిడ్డలను తలచుకొని తానే దిద్దును. ఈ చట్టము 1922లో రద్దయ్యెను గాని, 1931లో అదే వంటిది మరియొకటి వచ్చెను.

1910 నాటి చట్టము వచ్చునప్పటికి సర్వోత్తమరావుగారు వేలూరు జైలులో నుండిరి. రాజకీయఖైదీలకు వేరుగ తరగతు లేర్పడని కాలమది. బందిపోట్లకును సంపాదకునకును ఒకటే మర్యాద. కాలికి ఇనుపకడియము, మెడలో కొయ్యబిళ్ల, ముతకబట్ట, చాప, కంబళి. ఎం.ఏ. చదివిన యువకుడు ఆ స్థితిలో మూడేండ్లు గడిపి 1911లో బయటికి వచ్చెను.

బయట వారికి ఎదురైనది ఇంకొక విధమైన శిక్ష. రాజద్రోహియని ముద్రపడినవానిని ఇంటికి పిలుచుటకు తెలిసినవారే జంకిరి. ఈ జంకినవారిని నేను ఒకప్పుడు మనస్సులో నిందించియుంటిని. ఇప్పుడు నిందింపలేను. దానికి కారణము మన గ్రంథాలయములోనే జరిగిన చిన్నసంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక అధికారి దారిన పోవుచు లోనికి వచ్చి, బల్లమీదనున్న పత్రికలు తిరుగవేసి, వానిలో ఒకదానిని ఇక్కడ ఉంచకున్న బాగుండునని నోటిమాటగా చెప్పి వెళ్లెను. ఉత్తరువు లేదు, కాగితము లేదు. కార్యవర్గమువారము సమావేశమై, వ్రాతపూర్వకముగ వచ్చినప్పుడు చూతమని గట్టిగానే తీర్మానించుకొంటిమి. ఐనను ఆ పత్రిక నెలదినములు బీరువాలో నుండెను. ఎవరు పెట్టిరని ఎవరును అడుగలేదు. పెట్టినవాడను నేనే. అప్పుడు గ్రంథాలయమునకు రావలసిన కొంత సొమ్ము మంజూరు కావలసియుండెను. అధికారి మరల ఎన్నడును రాలేదు. నెలవెళ్లిన పిదప ఒక వృద్ధచందాదారుడు తన పత్రిక ఏమైనదని నిలదీయగా తలవంచుకొని తీసి బల్లమీద పెట్టితిని. నేను నెలదినములు భయపడినది ఒక్క నోటిమాటకు. 1911లో మనుష్యులు భయపడినది పోలీసులకు, ధరావతులకు, జైళ్లకు.

అందరును జంకిన వేళ చేయూత నిచ్చినవారు కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1906లో ఆయన మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించియుండిరి. ఆ గ్రంథమాలలో వెలువడిన మొట్టమొదటి పుస్తకము అబ్రహాము లింకను చరిత్రము. దానిని వ్రాసినవారు సర్వోత్తమరావుగారే. బానిసలకు విముక్తి కలిగించిన పరదేశపు పురుషుని చరిత్రను 1907లో, అనగా తాను కళాశాలనుండి వెడలింపబడిన సంవత్సరముననే, తెలుగువారి చేతికి ఇచ్చియుండిరి. ఆ పుస్తకముపై ఎవరును రాజద్రోహము మోపలేదు. దొరలకు తెలుగు పుస్తకములు చదువు తీరిక లేకయో, లింకను తమ జాతివాడని మురిసియో తెలియదు! జైలునుండి వచ్చిన గ్రంథకర్తను లక్ష్మణరావుగారు మండలి పనిలో నిలిపికొనిరి. చరిత్ర, ప్రకృతిశాస్త్రములు, జీవితకథలు తేటతెలుగు వచనమున పల్లెల చందాదారులకు పంపు ఆ సంస్థలో, సర్వోత్తమరావుగారికి చదువరి యనువాడు దగ్గరగా కనబడెను. వారి తరువాతి జీవితమంతయు ఆ చదువరిని వెదకుకొనుచు సాగినట్లు నాకు తోచును.

పత్రికారచనను వారు మానలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రికలో కొంతకాలము పనిచేసిరి. తెలుగు సారస్వతమున భావకవిత్వమను పేరును తొలుత వాడినవారు వారే యందురు. 1916లో అనీబిసెంటమ్మగారు హోంరూలు ఉద్యమమును సాగించినప్పుడు ఆంధ్రశాఖకు కార్యదర్శియై గ్రామములు తిరిగిరి. అప్పుడును ప్రభుత్వపు మందు పాతదే. బిసెంటమ్మగారి న్యూ ఇండియా పత్రిక ధరావతును కైవసము చేసికొని, 1917 జూనులో ఆమెను నిర్బంధించిరి. ఆ నిర్బంధమువలన ఉద్యమము చల్లారలేదు సరిగదా, అంతవరకు దూరముగ నున్న పెద్దమనుష్యులు కూడ వచ్చి చేరిరి. పిమ్మట వారు మద్రాసు శాసనమండలిలో కొంతకాలము సభ్యులుగా నుండిరి. ఒకనాడు కొలువునకు తగడని తేల్చిన ప్రభుత్వమునే సభలో నిలిచి ప్రశ్నించిరి.

గ్రంథాలయోద్యమము వైపు వచ్చుదము. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో అయ్యంకివారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమసభ జరిగెను. అధ్యక్షులు చిలకమర్తివారు, అనగా రాజమహేంద్రవరమున పాలుగారి ఉపన్యాసములను తెనిగించినవారే. ఆనాటి పల్లెటూరి గ్రంథాలయము ఎట్టిదో నేటి బాలురకు తెలియదు. ఒక చావడి, ఒక దీపము, ఒక పత్రిక. చదువు వచ్చినవాడొకడు పైకి చదువును, రానివారు ఇరువదిమంది చుట్టును కూర్చుండి విందురు. పత్రికలో వచ్చినది చట్టమునకు చిక్కవచ్చును గాని, ఆ అరుగుమీద జరుగు చర్చను ఏ ధరావతుతో కట్టగలరు? పోలీసులు ఈ గ్రంథాలయములపై కన్నువేసి యుంచుట అందుకే. నైజాము రాష్ట్రమున నిర్బంధము ఇంకను హెచ్చు. బహిరంగసభ జరుపుటకు ముందుగ అనుమతి పొందవలయునను గస్తీ 53 అచ్చట అమలులో నుండెను. దానిని రద్దు చేయవలయునని ఆంధ్రమహాసభవారు పలుమారులు కోరవలసివచ్చెను.

1930ల నడుమనుండి జీవితాంతమువరకు సర్వోత్తమరావుగారు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. ఆ కాలముననే, 1935లో, పాతూరివారి పూనికచేత కృష్ణాకాలువలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవమీద పుస్తకములు తిరిగినవి. అధ్యక్షులవారి దృష్టి పుస్తకములమీద కన్న వానిని చదువలేనివారిమీద ఎక్కువగా నుండెను. వయోజనవిద్యకై వారు పడిన శ్రమ చాల గొప్పది. దానికొక పత్రికను కూడ నడిపిరి. నూటికి పదిమందికైనను అక్షరములు రాని దేశమున వాక్స్వాతంత్ర్యమను హక్కు కొద్దిమంది పట్టణవాసుల సొత్తుగా నుండునని వారి పనిని చూచినవారికి బోధపడును. వ్రాసినవానిని జైలులో పెట్టినప్పుడు ఎందుకు పెట్టితిరని అడుగుటకు చదివినవాడు వేలకొలది ఉండవలెను. 1908లో అట్టివారు లేకపోయిరి.

1948లో మద్రాసు ప్రభుత్వము గ్రంథాలయ శాసనమును చేసెను. మన రాష్ట్రమునకు 1960లో ప్రత్యేకశాసనము వచ్చినది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలగుట వీని ఫలితమే. ఇది మేలే. ఐనను సొమ్ము సర్కారు చేతిమీదుగా వచ్చునప్పుడు పుస్తకములను ఎన్నుకొను చేయి ఎవరిదను ప్రశ్న కూడ దాని వెంటనే వచ్చును. బీరువా సంగతి చెప్పినవాడను గనుక ఈ మాటను చనవుతో అనుచున్నాను.

దేశము స్వతంత్రమైనను 124 ఏ సెక్షను పోలేదు. దానిని మోసినవారే గద్దెలెక్కిరి, అది మాత్రము పుస్తకములో కదలక నిలిచెను. 1962లో సుప్రీముకోర్టు, హింసకు గాని శాంతిభంగమునకు గాని దారితీయు మాటలకే అది వర్తించునని హద్దు గీచెను. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు ఆ సెక్షనుతో పనిలేకయే పత్రికలపై పరిశీలకులు కూర్చుండిరి. 2022 మే 11వ తేదీన సుప్రీముకోర్టు ఆ సెక్షను అమలును నిలిపివేసెను. 2024 జులై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయసంహిత వచ్చినది. అందు రాజద్రోహమను పేరు లేదు. దేశపు సమైక్యతను, సార్వభౌమత్వమును అపాయమున బడవేయు వ్రాతలను, మాటలను, చేతలను శిక్షించు 152వ సెక్షను గలదు. ఏ మాట అపాయకరము, ఏ మాట కేవలము కటువు అను తగవు మరల న్యాయస్థానముల ముందునకే వచ్చుచున్నది. తిరునల్వేలి కాల్పులపై వ్రాసిన సంపాదకీయము నేడు వెలువడిన ఏమగునని ఆ విద్యార్థి మరల అడిగినాడు. న్యాయవాదులు చెప్పవలసిన సంగతి యని తప్పించుకొంటిని.

సర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29వ తేదీన స్వర్గస్థులైరి. విజయవాడలో గ్రంథాలయసంఘపు భవనమునకు సర్వోత్తమభవనమని వారి పేరే పెట్టిరి. నాలుగేండ్లకొకమారు మాత్రమే వచ్చు తేదీ యగుటచేత మన గ్రంథాలయమున వారి వర్ధంతిని తక్కిన సంవత్సరములలో 28వ తేదీన జరుపుకొనుచున్నాము. ఆ సాయంకాలము పటమునకు పూలమాల వేసి, ఆ వారము వచ్చిన పత్రికలను ఒక్కటియు మినహాయింపక పెద్దబల్లపై పరచుట మొన్నటినుండి పెట్టుకొన్న యానవాయితీ. బీరువా తాళపుచెవి ఆ దినమున ఆ వృద్ధచందాదారునివద్ద నుండును.